థండర్‌బర్డ్‌లో ఇన్‌బాక్స్ ఖాళీ, హెల్ప్ ఎక్కడ అడగాలి?

అకౌంట్స్_అన్న:
నమస్తే అండి. మాది చిన్న ఆడిట్ ఆఫీసు, మెయిల్స్ చూడ్డానికి ఎప్పట్నుంచో థండర్‌బర్డ్ సాఫ్ట్‌వేరే వాడుతున్నాం. నిన్న కరెంటు పోయి సిస్టమ్ టక్కున ఆగిపోయింది, మళ్లీ ఆన్ చేస్తే ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిల్ లేదు. అసలే జీఎస్టీ రిటర్నుల టైము, క్లయింట్ల బిల్లులన్నీ అందులోనే. గూగుల్‌లో వెతికితే ఒక కస్టమర్ కేర్ నంబర్ కనిపించింది, చేసి చూడనా?

దెబ్బతిన్నోడు:
ఆగండి సార్, చేయొద్దు! పోయినేడాది నేనూ ఇలాగే చేశా, ఫోనెత్తినాయన హిందీలో తెగ మర్యాదగా మాట్లాడి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించాడు, తర్వాత ఐదు వేలు కట్టమన్నాడు, అప్పుడు డౌటొచ్చి వైఫై పీకేశా. థండర్‌బర్డ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్, వాళ్లకి ఫోన్ సపోర్టే లేదు. డబ్బులు పోయినవాళ్లెవరైనా ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

పాతలాప్‌టాప్:
మీ మెయిల్ అకౌంట్ పాప్ (POP, మెయిల్స్ కంప్యూటర్‌లోకి దించేసుకునేది) రకమా, ఐమ్యాప్ (IMAP) రకమా, అది ముందు చెప్పండి అన్నా. ఐమ్యాప్ అయితే మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి, బ్రౌజర్‌లో లాగిన్ అయి చూస్తే తెలిసిపోతుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ ఉంటుంది చూడండి, వెర్షన్ నంబర్, అకౌంట్ రకం, ప్రొఫైల్ ఫోల్డర్ (మీ మెయిల్స్, సెట్టింగ్స్ దాచే చోటు) అన్నీ అక్కడే. థండర్‌బర్డ్ హెల్ప్ సైటు సపోర్ట్ డాట్ మొజిల్లా డాట్ ఆర్గ్‌లో అడిగినా మొదట ఇవే అడుగుతారు. ఉత్తినే "పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరు మాత్రం ఏం చెప్తారు.

అకౌంట్స్_అన్న:
పాప్ అండి 😟 సర్వర్‌లో ఏమీ లేవు.

పాతలాప్‌టాప్:
కంగారు పడకండి. థండర్‌బర్డ్ మూసేసి ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ఇది అయ్యాకే మిగతాది. లోపల మెయిల్ అనే ఫోల్డర్‌లో ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. ఎక్స్‌టెన్షన్ ఏమీ లేనిది అసలు సరుకు, మెయిల్స్ అన్నీ అందులో వరసగా టెక్స్ట్‌లా ఉంటాయి. చివర డాట్ ఎంఎస్ఎఫ్ అని ఉన్నది ఉత్త ఇండెక్స్, అంటే మెయిల్స్ జాబితా. అసలు ఫైల్ సైజు ఎంతుంది?

అకౌంట్స్_అన్న:
2.3 జీబీ చూపిస్తోంది!!

పాతలాప్‌టాప్:
హమ్మయ్య, అయితే మెయిల్స్ ఎక్కడికీ పోలేదు, చెడింది ఇండెక్సే అయ్యుంటుంది. కాపీ అయ్యాక థండర్‌బర్డ్ తెరిచి ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. డాట్ ఎంఎస్ఎఫ్ కొత్తగా కట్టుకుంటుంది. కాంపాక్ట్ మాత్రం ఇప్పుడు నొక్కొద్దు, డిలీట్ చేసినవి ఫైల్లోంచి పూర్తిగా పోయేది దాంతోనే.

చిట్టి_హైదరాబాద్:
సందట్లో సడేమియా అనుకోకండి, నాది జీమెయిల్, పాస్‌వర్డ్ కరెక్టే కొట్టినా తీసుకోవట్లేదు.

దెబ్బతిన్నోడు:
అకౌంట్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ దగ్గర నార్మల్ పాస్‌వర్డ్ ఉంటే ఓఆత్2 (OAuth2, గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టు, అవుట్‌గోయింగ్ సర్వర్‌కి కూడా. గూగుల్ 2022 మే నుంచి పాత పద్ధతి ఆపేసింది. లాగిన్ పేజీ రాకపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో కుకీస్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడు, నాకు సగం రోజు తిన్నది అదే.

అకౌంట్స్_అన్న:
వచ్చేశాయ్! రిపేర్ నొక్కాక ఓ పది నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు, ప్రాణం పోయిందనుకోండి, తర్వాత ఒక్కొక్కటే దిగాయి. ఎప్పుడో డిలీట్ చేసినవి కూడా కొన్ని లేచొచ్చాయి, పోనీలెండి. పెన్‌డ్రైవ్ బీరువాలో పెట్టేశా, ఇవాళే యూపీఎస్‌కి కూడా ఆర్డర్ చెప్పి వచ్చా.