బ్రుషెట్టా, బ్రుస్కెట్టా, బ్రుస్కెత్త: ఏది రాయాలి?

ప్రశ్న: ఒక వారపత్రిక వంటల పేజీకి ఇటలీ వంటకం ఒకటి రాస్తున్నాను. రొట్టె ముక్కకు వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె, టమాటా వేసి భోజనానికి ముందు తింటారు కదా, అది. హోటళ్ల మెనూలలో ‘బ్రుషెట్టా’ అని ఉంటోంది. తెలిసినవారు ‘బ్రుస్కెట్టా’ అంటున్నారు. ఏది సరైనది? ‘నూనెలో వేయించిన రొట్టె ముక్కలు’ అని మొదలుపెట్టాను. అదైనా బాగుందా?

జవాబు: ముందు ‘ష’ తీసేయండి. ఇటాలియన్‌లో ‘సి’ తర్వాత ఇ, ఎ వస్తే చకారం పలుకుతుంది: కాపుచినో కాఫీ, మెడిచి అనే వంశం పేరు. ఆ చకారం రాకుండా చూడడానికే మధ్యలో ‘హెచ్’ పెడతారు. అందుకే ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి (Machiavelli) పేరులో ‘క’ వినిపిస్తుంది. మీ మాటలోనూ (bruschetta) అంతే.

ఇంకొక మాట. ఇటాలియన్ ‘టి’ దంత్యం, మన ‘త’కు దగ్గర. చివరి అచ్చు కూడా దీర్ఘం కాదు. కాబట్టి అసలు ఉచ్చారణకు దగ్గరగా రాయాలంటే ‘బ్రుస్కెత్త’. అత్త, కొత్త అన్నట్లే ద్విత్వం నొక్కి పలకాలి. ఇంగ్లీషు లిపికి లేని సౌకర్యం మనకుంది, వాడుకోకపోతే ఎలా?

మరొకరు: ఇది మరీ చాదస్తం అండీ. పిజ్జాను ‘పిత్స’ అని రాస్తున్నామా? పాఠకుడు అత్తాకోడళ్ల కథ అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఇంగ్లీషు ద్వారా వచ్చిన మాటకు ‘ట’ రాయడం మన అలవాటు.

జవాబు: పాస్తాకు ‘త’ ఎలా వచ్చింది మరి? ‘పాస్టా’ అని రాసేవారు తక్కువే. అయినా పిజ్జా పాతుకుపోయింది, దాని జోలికి వెళ్లను. ఈ మాట ఇంకా కుదురుకోలేదు, ఇప్పుడే దిద్దుకోవచ్చు. ‘త’ దగ్గర మనసొప్పకపోతే ‘బ్రుస్కెట్టా’ అనైనా రాయండి. ‘ష’ మాత్రం వద్దు.

అసలు పట్టించుకోవలసింది మీ మొదటి వాక్యాన్ని. అందులో ‘వేయించిన’ తప్పు. రోమ్ ప్రాంతపు మాండలికంలో ‘బ్రుస్కారె’ అంటే నిప్పుల మీద కాల్చడం. పేరు అక్కడి నుంచి వచ్చిందే. మనకు వేయించడం వేరు, కాల్చడం వేరు. వంకాయను పచ్చడికి కాలుస్తాం, కూరకు వేయిస్తాం. రొట్టె కాలేటప్పుడు నూనె చుక్క తగలకూడదు.

ఎందుకంటే, కాలిన రొట్టె పైభాగం గరగరలాడుతూ ఉంటుంది. వెల్లుల్లి రేకను అడ్డంగా కోసి, వేడి మీదనే ఆ గరుకు మీద రుద్దితే రేక అరిగిపోతూ దానిలోకి ఇంకుతుంది. ముందే నూనె తగిలితే రేక జారుతుంది, అరగదు. ఆ తర్వాతే ఉప్పు, ధారగా ఆలివ్ నూనె. అసలు వంటకం ఇంతే. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో దీనినే ‘ఫెత్తుంత’ అంటారు, నూనె పూసిన ముక్క అని అర్థం. శరదృతువులో గానుగ నుంచి వచ్చిన కొత్త నూనెను రుచి చూడడానికి ఇదే సాధనం. టమాటా 16వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచి ఐరోపాకు వచ్చింది, ఈ రొట్టె ముక్క మీదికి ఆ తర్వాతెప్పుడో ఎక్కింది. కాబట్టి వంటకాన్ని టమాటాతో నిర్వచించకండి.

ప్రశ్న అడిగినవారు: ఇంట్లో నిప్పులు ఎక్కడివండీ? మామూలు పాల రొట్టె పనికొస్తుందా?

మరొకరు: ఇనుప పెనం బాగా కాగనిచ్చి రెండువైపులా కాల్చండి, అంచులు కాస్త నల్లబడినా పరవాలేదు. మెత్తటి పాల రొట్టె వద్దు. వెల్లుల్లి రుద్దితే చిరుగుతుంది, టమాటా తగిలితే ముద్దవుతుంది. గట్టి పైపొర ఉన్న రొట్టె తెచ్చి వేలి మందాన కోయండి. టమాటా ముక్కలకు ఉప్పు కలిపి కాసేపు జల్లెడలో ఉంచితే నీరు దిగిపోతుంది. తినే ముందే పైన వేయండి. ఈ విషయంలో మనందరిదీ ఒకటే మాట అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు: చివరి సందేహం. బేసిల్‌ను ‘తులసి’ అని రాయవచ్చా?

జవాబు: రాయకండి. దగ్గరి చుట్టాలైన మొక్కలే గానీ జాతి వేరు, రుచి వేరు. పైగా మీ వ్యాసం చదివి ఎవరో ఒకరు కోటలోని తులసిని తుంచుతారు, ఆ ఇంటి పెద్దావిడ మీ పత్రికకు ఉత్తరం రాస్తుంది. ‘బేసిల్’ అనే రాసి, సబ్జా గింజలిచ్చే మొక్క అని పక్కన చెప్పండి.