ఓటింగ్ టైమ్‌కి ఫోన్ వచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను. కతోలికుడిగా ఇది తప్పేనా?

మూడో వరుస:

అందరికీ నమస్కారం. ఈ ఫోరంలో చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నేను పుట్టుకతో కతోలికుణ్ణి. ఏడాదిన్నర క్రితం ఒక పార్టీ తరఫున స్థానిక కౌన్సిల్‌కి ఎన్నికయ్యాను. పోయిన నెల ఒక తీర్మానం వచ్చింది, పదకొండు పేజీలు. మొదటి తొమ్మిది పేజీల్లో ఇల్లు లేనివాళ్ళకి రాత్రి బస కేంద్రాలు, మరుగుదొడ్లు, ఒక చిన్న క్లినిక్, వీటికి నిధులు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి అందులో కొన్ని వాక్యాలు నావే. పదో పేజీలో మాత్రం ముందు డ్రాఫ్టులో లేని ఒక క్లాజు చేరింది. కేంద్రాలు తెరిచిన రోజు నుంచి రోడ్డు పక్కన ఎవరు పడుకున్నా లేపి పంపించేయొచ్చు, సామాన్లు తీసుకెళ్ళి పారేయొచ్చు, ముందుగా చెప్పక్కర్లేదు. కేంద్రాల్లో మంచాలు చూస్తే 60. బయట పడుకునేవాళ్ళు అంతకు మూడింతలు. ఎలా తెలుసంటే, లెక్కపెట్టడానికి తిరిగిన బృందంలో నేనూ ఉన్నాను.

ఆ లెక్కలప్పుడు ఒక పెద్దావిడ కనిపించింది. పక్కన ఒక ప్లాస్టిక్ కవరు, దాని మూతి మూడు ముళ్ళు వేసి ఉంది. పేరు అడిగితే చెప్పలేదు, ఆ కవరు విప్పి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తీసి చూపించింది, పేరు అందులో ఉంది చూసుకో అన్నట్టు. నేను రాసుకున్నాక మళ్ళీ మడిచి, మళ్ళీ మూడు ముళ్ళూ వేసింది. పదో పేజీలో 'సామాన్లు' అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీస్తుంటే నాకా కవరే కళ్ళముందు ఉంది.

మా నాయకుడు ముందే చెప్పాడు, మొత్తానికి అవునో కాదో అనాలి, క్లాజు క్లాజుకీ ఓటింగ్ ఉండదని. పేర్లు వరసగా పిలుస్తున్నారు. నాది ఏడోది. ఐదో పేరు అవుతుండగా ఫోన్ చెవికి పెట్టుకుని 'హలో, హలో' అంటూ కారిడార్లోకి వెళ్ళి వాటర్ ఫిల్టర్ దగ్గర నిలబడ్డాను. అవతల ఎవరూ లేరు. తీర్మానం పాసైంది. నా పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని రాశారు.

మా విచారణలో (మా చర్చి పారిష్‌లో) ఒక పెద్దమనిషికి చెప్పుకుంటే, 'ఇదేమన్నా గర్భస్రావం లాంటి విషయమా, పరిపాలన సంగతి, దీంట్లోకి మనస్సాక్షిని ఎందుకు లాగుతావు' అన్నారు. పార్టీలో స్నేహితుడేమో 'నీ మతం గుడి గుమ్మం దాకా ఉంచుకో' అన్నాడు. ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే. నాకు నిద్ర పట్టడం లేదు. అవునంటే ఆ క్లాజుకి నేనూ బాధ్యుణ్ణి, కాదంటే 60 మంచాలు పోతాయి. అసలు మనస్సాక్షి అంటే నాకు లోపల ఏదనిపిస్తే అదేనా? వేరే ఏమన్నా ఉందా?

పాత ఉపదేశి:

తమ్ముడూ, చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, అది తేలకపోతే మిగతావి తేలవు. లోపల అనిపించేది మనస్సాక్షి కాదు. భయం కూడా లోపలే అనిపిస్తుంది, అహం కూడా. శ్రీసభ (కతోలిక చర్చి) బోధలో మనస్సాక్షి అంటే ఒక తీర్పు, 'నేను చేయబోయే ఈ పని మంచిదా చెడ్డదా' అని బుద్ధి ఇచ్చే తీర్పు. ప్రపంచ బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'గౌదియుం ఎత్ స్పెస్' అనే పత్రం 16వ పేరాలో దాన్ని మనిషి అంతరంగంలోని గర్భగుడి లాంటి చోటుగా చెప్పారు, అక్కడ మనిషి దేవుడితో ఒంటరిగా ఉంటాడని. నిశ్చయమైన మనస్సాక్షి తీర్పుని ఎప్పుడూ పాటించాల్సిందేనని సత్యోపదేశం (శ్రీసభ బోధల అధికారిక గ్రంథం) 1790వ పేరా. సరిగ్గా ఆ తర్వాతి పేరా చాలామంది చదవరు: నిజమేంటో తెలుసుకోవడానికి ఒళ్ళు వంచకుండా మనస్సాక్షిని మొద్దుబార్చుకుంటే, ఆ తప్పు మన ఖాతాలోకే వస్తుంది. మధ్యయుగపు వేదాంతి పునీత (సెయింట్) తోమాసు అక్వినాసు ఏనాడో ఇదే చెప్పాడు. పొరబడ్డ మనస్సాక్షిని తోసేసి నడిచినా తప్పే, కానీ ఆ పొరపాటు మన నిర్లక్ష్యం వల్ల వచ్చిందైతే 'మనస్సాక్షి ప్రకారమే చేశాను' అన్న మాట మనల్ని కాపాడదు.

నువ్వు రోడ్డు మీద తిరిగి మనుషుల్ని లెక్కపెట్టి వచ్చావు, పదకొండు పేజీలూ చదివావు. మనస్సాక్షిని తయారుచేసుకోవడమంటే ఇదే, జపం ఒక్కటే కాదు. ఆ తీర్పు నీకు అప్పటికే వచ్చేసింది, పెన్సిల్ గీత అదే.

ఇక మీ విచారణ పెద్దమనిషి మాట. ఆయన సగం కరెక్టే. కొన్ని పనులు ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి, వాటి దగ్గర బేరాల్లేవు. పన్ను ఎంత ఉండాలి, మంచాలు ఎన్ని పెట్టాలి లాంటివి వివేకంతో తేల్చుకోవాల్సినవి, ఇద్దరు మంచి కతోలికులు రెండు రకాలుగా ఓటేయొచ్చు. కానీ రెండో రకం అన్నంత మాత్రాన మనస్సాక్షికి అక్కడ పనిలేదనుకోవడం పొరపాటు. అదే 'గౌదియుం ఎత్ స్పెస్' 27వ పేరా తీసి చూడమనండి: హత్య, గర్భస్రావం, చిత్రహింస ఉన్న జాబితాలోనే మనిషి బతకలేని జీవన పరిస్థితులు, అన్యాయంగా నిర్బంధించడం, దేశం నుంచి వెళ్ళగొట్టడం కూడా ఉన్నాయి. అన్నీ సమానమని అక్కడ అనలేదు. అవన్నీ మనిషి గౌరవాన్ని దెబ్బతీసేవే అన్నారు.

ఓటు సంగతికి వస్తే, రెండో జాన్ పాల్ పోపుగారు 1995లో రాసిన 'ఎవాంజెలియుం వీతే' అనే లేఖ 73వ పేరాలో ఒక దారి ఉంది. చెడ్డ చట్టాన్ని పూర్తిగా ఆపలేనప్పుడు, తన వ్యతిరేకత ఏమిటో అందరికీ తెలిసిన శాసనసభ్యుడు దాని హానిని తగ్గించే ప్రతిపాదనకి మద్దతివ్వొచ్చని. అది గర్భస్రావ చట్టాల గురించి రాసింది, నీ కేసుకి అచ్చంగా అతకదు. కానీ 'అందరికీ తెలిసిన' అన్న మాట పట్టుకో. నువ్వు అవునన్నా కాదన్నా ఆ గదిలో నిలబడి ఆ క్లాజు తప్పని ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే, ఏ ఓటైనా నేను సమర్థించేవాణ్ణి.

గోడ అవతల:

నాకు మీ మతం కాదు, ఏ మతమూ లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీలాంటి సభ్యుడికి ఓటేసేవాళ్ళలో నాలాంటివాళ్ళూ ఉంటారు.

1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెన్నెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చింది, కతోలికుడు అధ్యక్షుడైతే పోపు చెప్పినట్టు ఆడతాడని జనం అనుమానం. మత పెద్దలు రాజకీయ నాయకుడికి ఆదేశాలివ్వకూడదన్నాడు. అందరికీ గుర్తున్న ముక్క అది. అదే ప్రసంగంలో ఇంకో మాట కూడా అన్నాడు: పదవి కోసం తన మనస్సాక్షినో దేశ ప్రయోజనాన్నో వదులుకోవాల్సిన రోజు వస్తే రాజీనామా చేస్తానని. అంటే ఆయన కూడా మనస్సాక్షిని గుమ్మం దగ్గర వదిలి రాలేదు.

మీ పార్టీ స్నేహితుడు అన్నదాంట్లో నాకు నచ్చే భాగం ఒకటే, కారణాలు అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పాలి. '60 మంచాలకి 180 మందిని తరిమితే మిగతా 120 మంది ఎక్కడికి పోవాలి' అని అడగడానికి బైబిలు అక్కర్లేదు కదా. మీరు అడగలేదు.

ఇంకోటి, కాస్త కటువుగా ఉంటుంది. మీ పోస్టు మొత్తం మీ పాపం గురించే ఉంది, నాకు తప్పంటుకుందా లేదా అని. మీ ఆత్మ శుభ్రంగా ఉన్నా లేకపోయినా ఆవిడ కవరు ఈపాటికి ఎవడో లాక్కుని ఉండొచ్చు.

ఫైళ్ళ మధ్య ముప్పయ్యేళ్ళు:

'గోడ అవతల' కటువుగా అన్నా మాట నిజం. నేను రిటైరైన ఉద్యోగిని, ఆదివారం పూజకి వెళ్ళేవాణ్ణే.

తోమాసు మోర్ పేరు ఎవరో ఒకరు తెస్తారని చూశాను, ఇంకా రాలేదు. 2000లో ఆయన్ని రాజకీయ నాయకుల పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆయనా మౌనంగానే ఉన్నాడు. 1532లో ఇంగ్లండ్ రాజు దగ్గర చాన్సలర్ పదవి వదిలేశాడు, పోపు అధికారాన్ని కాదని రాజుకి అనుకూలంగా ప్రమాణం చేయమంటే చేయనన్నాడు, ఎందుకు చేయనో మాత్రం చెప్పలేదు. కోర్టు విచారణలో 'మౌనం అంగీకారం కింద లెక్క అని కదా న్యాయసూత్రం' అని లాయరుగా వాదించాడు కూడా. 1535 జూలై 6న తల తీశారు. మీ మౌనానికీ ఆయన మౌనానికీ తేడా ఏంటంటే, ఆయన నోరు విప్పకపోయినా దానర్థం దేశమంతటికీ తెలుసు. మీరు బయటికి వెళ్ళింది ఎవరికీ ఏమీ అర్థం కాకుండా ఉండటానికి. ఉత్తుత్తి ఫోన్ దేనికి మరి?

బెల్జియం రాజు బోదువాన్ సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది. 1990లో గర్భస్రావ చట్టం మీద సంతకం పెట్టడానికి ఆయన మనస్సాక్షి ఒప్పుకోలేదు. మంత్రివర్గం ఆయన్ని ఒకటిన్నర రోజు 'పాలించలేని స్థితి'లో ఉన్నట్టు ప్రకటించి, తామే సంతకాలు పెట్టారు, ఆ తర్వాత పార్లమెంటు మళ్ళీ ఆయనకి అధికారం ఇచ్చింది. చట్టం ఆగలేదు. దాన్ని ధైర్యమన్నవాళ్ళున్నారు, నాటకమన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే ధైర్యమే అనిపిస్తుంది, ఎందుకంటే కారణం ప్రధానమంత్రికి రాతపూర్వకంగా ఇచ్చాడు.

నా విషయమూ చెప్పాలి, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టుంటుంది. సర్వీసులో ఒకసారి ఒక ఫైలు మీద ఒప్పుకోకుండా నోట్ రాశాను, రెండు పేరాలు. దానికంటే ముందు అలాంటివే నాలుగు ఫైళ్ళొస్తే సెలవు పెట్టాను. సెలవు పెట్టిన ప్రతిసారీ నా మనస్సాక్షి తేలిగ్గానే ఉంది, అదే అనుమానించాల్సిన సంగతి. నోట్ రాసిన రోజు మాత్రం కడుపులో ఒకటే తిప్పుడు.

సందేహి:

అందరూ పోపులూ పేరాలూ అంటున్నారు గానీ, శ్రీసభ పెద్దలే ఈ విషయంలో పప్పులో కాలేసిన రోజులున్నాయి. ఇటలీ కతోలికుల్ని పార్లమెంటు ఎన్నికల్లో పాల్గొనొద్దన్నారు, 1868 నుంచి. పూర్తిగా ఎత్తేసింది 1919లో. ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ హిట్లర్ సైన్యంలో పనిచేయనంటే, ఆయన బిషప్పే పెళ్ళాంబిడ్డల సంగతి చూసుకోమని నచ్చజెప్పాడు. 1943 ఆగస్టులో ఆయన్ని చంపేశారు, 2007లో అదే శ్రీసభ ధన్యుడని (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించింది. కాబట్టి 'ఫాదర్‌ని అడుగు' అనకండి ఇతనితో.

పాత ఉపదేశి:

సందేహీ, నేను ఫాదర్‌ని అడగమని ఎక్కడా అనలేదయ్యా, మళ్ళీ చదువు. మనస్సాక్షుల్ని తీర్చిదిద్దాలే గానీ వాటి స్థానంలో మనం కూర్చోకూడదని ఫ్రాన్సిస్ పోపుగారే 2016లో రాశారు. పైగా ప్రభుత్వ అధికార పదవులు గురువులు (ఫాదర్లు) చేపట్టకూడదని 1983 శ్రీసభ చట్టం 285వ నియమం. అంటే కౌన్సిల్లో కూర్చోవడం ఇతని పని, నా పని, నీ పని. ఆ యేగర్‌స్టెట్టర్ కూడా ఊరికే లోపల అనిపించి వెళ్ళలేదు. బైబిలు చదివాడు, పునీతుల చరిత్రలు చదివాడు, వెళ్ళి బిషప్పునీ అడిగాడు, ఆ తర్వాతే కాదన్నాడు. అడగడం వేరు, తీర్పు వాళ్ళ చేతికిచ్చేయడం వేరు.

మూడో వరుస:

అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. 'గోడ అవతల' గారి చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను, కోపమొచ్చింది, తర్వాత తగ్గింది.

పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్ళొచ్చాను, అక్కడి సంగతి ఇక్కడ రాయను. నిన్న కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళి, ఆ రోజు నేను కావాలనే ఓటేయలేదని మినిట్స్‌లో చేర్చమని అడిగాను. కుదరదన్నారు, గదిలో లేనివాడు లేనివాడేనట. సరే, వచ్చే సమావేశానికి సవరణ ఇస్తానని చెప్పాను. మూడు రోజుల ముందు నోటీసు, తీసుకెళ్ళిన సామాన్లు నెల రోజులు దాచి అడిగితే తిరిగివ్వడం, మంచం ఖాళీ లేని రాత్రి ఎవర్నీ లేపకూడదు. నాయకుడికి ఫోన్ చేసి చెప్పాను (ఈసారి అవతల మనిషి ఉన్నాడు). ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత 'టికెట్ గురించి కూడా ఆలోచించుకో' అన్నాడు. బలపరచడానికి ఇంకొకరు కావాలి. ఒకావిడ చూస్తానన్నారు, ఆవిడది వేరే పార్టీ. దానికి ఇంకో టెన్షన్.

డ్రాఫ్ట్ రాయడంలో ఎవరైనా సలహా ఇస్తే మేలు.

ఫైళ్ళ మధ్య ముప్పయ్యేళ్ళు:

సామాన్లంటే ఏమిటో నిర్వచనం రాయండి. రాయకపోతే పాత దుప్పటీ, కాగితాల కవరూ 'చెత్త' పద్దులోకి పోతాయి, చెత్తకి మీ నెల రోజుల గడువు వర్తించదు. 'గుర్తింపు పత్రాలు, వైద్య కాగితాలు, మందులు, ఫోటోలు, పరుపు, దుప్పట్లు' అని పేరుపేరునా పెట్టండి. ఎవరు దాచాలో, ఏ గదిలోనో, రసీదు ఎవరిస్తారో కూడా రాయండి. రసీదు మాట మర్చిపోవద్దు.