రౌటర్ మార్చాక ఫోన్లకు వైఫై వస్తోంది, పాత ల్యాప్‌టాప్ మాత్రం ఎక్కట్లేదు

ప్రశ్న:
ఫైబర్ కనెక్షన్ వాళ్లు పాత డబ్బా తీసేసి వైఫై 6 డబ్బా పెట్టారు. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే. ఫోన్లు, టీవీ వెంటనే ఎక్కాయి. 2015 నాటి ల్యాప్‌టాప్‌లో (విండోస్ 10, వైఫై 5 అనే ఏసీ రకం కార్డు) పేరు కనబడుతోంది, పాస్‌వర్డ్ కొట్టాక మాత్రం «ఈ నెట్‌వర్క్‌కు కనెక్ట్ కాలేం» అని ఆగిపోతోంది. ఫర్‌గెట్ చేసి మళ్లీ కలిపినా అంతే. రౌటర్లో సెక్యూరిటీని డబ్ల్యూపీఏ-టీకేఐపీ అనే పాత తాళం రకానికి మారిస్తే ఎక్కింది. కానీ లింక్ స్పీడు 54 ఎంబీపీఎస్ దగ్గరే నిలబడింది, పైగా ఈ నెట్‌వర్క్ భద్రం కాదని విండోస్ హెచ్చరిస్తోంది. ఇలాగే వదిలేయవచ్చా? కార్డు మార్చాలా?

1వ జవాబు:
వదిలేయకండి. కార్డు సంగతి తర్వాత, ముందు టీకేఐపీ తీసేయండి. వైఫై మొదటి తాళం డబ్ల్యూఈపీ పగిలాక, పాత కార్డులు పారేయక్కర్లేకుండా వేసిన అతుకు అది. 2004లో డబ్ల్యూపీఏ2, దాంతో ఏఈఎస్ అనే గట్టి తాళం వచ్చాక దాని పని అయిపోయింది. 54 రావడానికి కారణం కూడా అదే: టీకేఐపీ మీద ఎన్, ఏసీ (వైఫై 4, 5) వేగాలు వాడకూడదని నియమం ఉంది కాబట్టి లింకు అంతకన్నా పాత జీ రకం స్థాయికి పడిపోతుంది.

వైఫై ఎక్కడంలో మూడు మెట్లున్నాయి: పేరు కనబడటం, తాళం కలవటం, ఐపీ అడ్రస్ రావటం. మీది రెండో మెట్టు మీద ఆగింది. (ఐపీ 169.254తో మొదలైతే మూడోది. అప్పుడు సెక్యూరిటీ జోలికి పోకుండా రౌటర్లో ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ చూడాలి.)

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి «నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్» అని కొట్టండి. మొదటి మాటలో అక్షరాలు ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మోడ్ అన్న శీర్షిక కింద ఆ కార్డుకు తెలిసిన తాళాల పట్టీ వస్తుంది. అందులో డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3-పర్సనల్ ఉందా? కాస్త పైన మేనేజ్‌మెంట్ ఫ్రేమ్ ప్రొటెక్షన్‌కు (కలిపే, విడగొట్టే సందేశాలకు కాపలా) ఎదురుగా యెస్ ఉందా, నో ఉందా? ఈ రెండూ చెప్పండి. విండోస్ 10లో డబ్ల్యూపీఏ3 వచ్చింది 1903 వెర్షన్ నుంచి. విండోస్ కొత్తదైనా డ్రైవర్‌కు తెలియకపోతే లాభం లేదు.

అడిగినవారు:
డబ్ల్యూపీఏ2-పర్సనల్ సీసీఎంపీ (ఏఈఎస్ వాడే పద్ధతి) వరకే ఉంది, డబ్ల్యూపీఏ3 లేదు. ఫ్రేమ్ ప్రొటెక్షన్ దగ్గర నో. రౌటర్లో మొదట ఉన్నది డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్. మిక్స్‌డ్ అంటే డబ్ల్యూపీఏ2 వాటికి కూడా చోటుండాలి కదా?

1వ జవాబు ఇచ్చినవారు:
ఉండాలి. కానీ అదే పేజీలో పీఎంఎఫ్ అనో ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ అనో ఇంకో మీట ఉంటుంది, మీ కార్డు నో అన్న ఫ్రేమ్ ప్రొటెక్షనే అది. అది రిక్వైర్డ్‌లో ఉంటే మిక్స్‌డ్ పేరుకే మిక్స్‌డ్. మీ కార్డుకు పీఎంఎఫ్ రాదు, రౌటర్ అది లేనిదే రానివ్వదు. దాన్ని ఆప్షనల్ లేదా కేపబుల్‌కి మార్చండి. రిక్వైర్డ్ తప్పనిసరిగా ఉండాల్సింది డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టినప్పుడే.

మీట కనబడకపోతే 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు వేర్వేరు పేర్లు పెట్టండి. 2.4కి డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే (డబ్ల్యూపీఏ2-పర్సనల్‌కు ఇంకో పేరు), ఏఈఎస్ మాత్రమే. 5కి మిక్స్‌డ్ ఉంచి ఫోన్లను దానికి కలపండి. మార్చాక ల్యాప్‌టాప్‌లో పాత ప్రొఫైల్‌ను ఫర్‌గెట్ చేసి తీరాలి. పాత తాళం రకం అందులో రాసి ఉంటుంది కాబట్టి పేరు అదే అయినా కుదరకపోవచ్చు.

2వ జవాబు:
ఇంత తతంగం దేనికండీ? పేరు దాచేసి, మ్యాక్ ఫిల్టర్‌లో (ప్రతి కార్డుకూ ఉండే గుర్తింపు నంబర్ చూసి రానిచ్చే జాబితా) ఇంట్లో వాటినే రాసుకుంటే టీకేఐపీ ఉన్నా పరాయివాడు రాలేడు.

3వ జవాబు:
వస్తాడు. మ్యాక్ అడ్రస్ గాల్లో తాళం లేకుండానే పోతుంది. విన్నవాడు దాన్నే తన కార్డుకు పెట్టుకుంటాడు. పేరు దాస్తే ఇంకో తంటా: బయట ఎక్కడున్నా మీ ల్యాప్‌టాప్ ఆ పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతుంది. ఫోన్లు ఇప్పుడు రాండమ్ మ్యాక్ వాడుతున్నాయి కాబట్టి ఫిల్టర్ పెట్టిన ఇంట్లో ముందు బయట నిలబడేది ఇంటివాళ్లే.

తీసేయాల్సింది డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ బదులు పిన్‌తోనో బటన్‌తోనో కలిపే సౌకర్యం. దాని పిన్ 8 అంకెలే, చివరిది చెక్ అంకె. మిగతా ఏడింటిని 4, 3గా విడివిడిగా సరిచూస్తుంది గనక ఎక్కువలో ఎక్కువ 11,000 ప్రయత్నాలు చాలు. 2011లోనే ఇది బయటపడింది. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. డబ్ల్యూపీఏ2లో ఉంటున్నారు కాబట్టి కనీసం 15 పెట్టండి, ఫోన్ నంబర్ వద్దు. హ్యాండ్‌షేక్ (కలిసేటప్పుడు కార్డు, రౌటర్ మార్చుకునే సందేశాలు) పట్టుకున్నవాడు తీరిగ్గా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లయినా ప్రయత్నించగలడు.

4వ జవాబు:
పేరే కనబడని వాళ్లకు రెండు మాటలు. కొన్ని పాత ఇంటెల్ డ్రైవర్లకు వైఫై 6 రౌటర్ పేరు అసలు కనబడదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే వస్తుంది. డౌన్‌లోడుకు నెట్ కావాలిగా, ఫోన్‌ను యూఎస్‌బీ టెదరింగ్‌లో (ఫోన్ నెట్‌ను తీగతో ల్యాప్‌టాప్‌కు ఇచ్చే పద్ధతి) పెట్టుకోండి. అప్పటికీ రాకపోతే రౌటర్లో 2.4 మోడ్‌ను ఏఎక్స్ (వైఫై 6) నుంచి ఎన్‌కి దించండి. రౌటర్ 12 లేదా 13వ చానల్ ఎంచుకున్నా అంతే, ఇక్కడ ఆ చానళ్లు వాడొచ్చు గానీ అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్‌కు అవి కనబడకపోవచ్చు. 1, 6, 11లో ఒకటి పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. అపార్ట్‌మెంట్లో 40 పెడితే పక్కింటి వాళ్లతో తగువే.

కార్డు మార్చాలనుకుంటే: 2015 నాటి ల్యాప్‌టాప్‌లో చాలావరకు ఎం.2 2230 అనే చిన్న సైజు కార్డే ఉంటుంది, అయినా వెనక మూత విప్పి చూశాకే కొనండి. ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్ 200 లేదా ఏఎక్స్ 210 సరిపోతాయి. ఏఎక్స్ 201, 211 కొనొద్దు. వాటిలో సగం పని ఇంటెల్ కొత్త ప్రాసెసరే చేయాలి, పాత బోర్డులో అవి ఉత్త రేకు ముక్కలు. మినీ పీసీఐఈ కార్డున్న ఇంకా పాత వాటిలో యాంటెన్నా వైరు కొస పెద్దది, కొత్త కార్డుకు పట్టదు. కొన్ని కంపెనీల బయోస్ (ల్యాప్‌టాప్‌ను బూట్ చేసే లోపలి ప్రోగ్రామ్) తన జాబితాలో లేని కార్డు పెడితే బూటే అవ్వదు, ముందే వాకబు చేసుకోండి. విప్పే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకండి. ఇదంతా వద్దనుకుంటే డబ్ల్యూపీఏ3 ఉన్న యూఎస్‌బీ డాంగిల్ చాలు.

అడిగినవారు:
పీఎంఎఫ్ రిక్వైర్డ్‌లోనే ఉంది. ఆప్షనల్ చేసి, మళ్లీ డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఫర్‌గెట్ చేసి కలిపితే మొదటిసారికే ఎక్కింది. నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్‌లో సైఫర్ (తాళం పద్ధతి) సీసీఎంపీ అని, రిసీవ్ రేట్ 5 గిగాహెర్ట్జ్ మీద 866.7 ఎంబీపీఎస్ అని చూపిస్తోంది. డబ్ల్యూపీఎస్ ఆపేశాను. ఒక్కటి మిగిలింది: నిద్ర నుంచి లేచాక నిమిషం దాకా వైఫై రావట్లేదు.

1వ జవాబు ఇచ్చినవారు:
డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్. కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్కు తీసేయండి. అప్పటికీ నిమిషం పడితే రౌటర్ 5 గిగాహెర్ట్జ్ చానల్ చూడండి. 52 నుంచి 144 మధ్యలో ఉంటే 36కి మార్చండి. ఆ మధ్య చానళ్లు రాడార్లతో పంచుకునేవి, కార్డు వాటి మీద తనంతట తాను పిలవకుండా రౌటర్ మాట్లాడేదాకా ఊరికే వింటూ ఉంటుంది. అందుకే పేరు దొరకడం ఆలస్యం.