టెక్స్చర్ క్లియర్ బగ్: పుట్టగానే తుడవాలా, చదివే ముందు తుడవాలా?

గౌతమి_గట్టు: మన వరద మ్యాప్ యాప్‌ వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మ గీయించే ఇంటర్‌ఫేస్) బ్యాకెండ్‌లో తప్పు దొరికింది. కొత్త టెక్స్చర్‌ని (మ్యాప్ బొమ్మ ఉండే మెమరీని) తుడిచేటప్పుడు లెవెల్ కౌంట్ 1 అని ఉంది. అంటే మొదటి మిప్ (ఒకే బొమ్మకి ఉండే చిన్నాపెద్దా సైజుల్లో ఒకటి) ఒక్కటే శుభ్రం. చిన్న మిప్‌లు డిస్కు నుంచి వచ్చేలోపు జూమ్ అవుట్ చేస్తే, యాప్ అంతకుముందు వదిలేసిన మెమరీ తెరమీదకొస్తోంది. జొన్నాడ దగ్గర గౌతమి మధ్యలో పాలకొల్లు వీధుల ముక్కలు! పుట్టగానే అన్ని మిప్‌లూ తుడిచేద్దాం. ఒక్క లైను మార్పు.

రాజోలు_రెండరర్: ఒప్పుకోను. కాసేపట్లో టైల్ (మ్యాప్ ముక్క) బొమ్మతో నిండిపోయేదాన్ని ముందు సున్నాలతో నింపడం ఎందుకండీ? ఏ మిప్‌లో రాశామో గుర్తుపెట్టుకుని, రాయనిదాన్ని చదవబోయేటప్పుడే తుడవాలి. రెండర్ టార్గెట్ (చిప్ తానే గీసే టెక్స్చర్) అయితే లోడ్ ఆప్ క్లియర్ (గీయడం మొదలుపెట్టేటప్పుడే తుడవమనడం) చాలు, మాలీ, అడ్రినో గ్రాఫిక్స్ చిప్‌లలో దాని ఖర్చు దాదాపు లేనట్టే. పైగా మీరు వాడే క్లియర్ కమాండ్ కంప్రెస్ చేసిన ఫార్మాట్‌లకు పనిచేయదు. మన టైల్స్‌లో సగం ఈటీసీ2 అనే కంప్రెస్ ఫార్మాట్‌లోవే. వాటికి సున్నాల బఫర్ (సున్నాలు నింపిన మెమరీ ముక్క) కాపీ చేయాలి. ఒక్క లైను ఎక్కడ?

లంక_పిల్లోడు: నా ఫోన్‌లో బానే ఉందండి.

రాజోలు_రెండరర్: మీ అదృష్టం, అక్కడ సున్నాలున్నాయి.

పాలకొల్లు_బాబాయ్: ముందు ఇది చెప్పండి. సున్నా అంటే పారదర్శకమా, నలుపా? ఆల్ఫా (పారదర్శకత విలువ) లేని ఫార్మాట్‌లో ఆల్ఫా 1గా, అంటే పారదర్శకం కానట్టు చదువుతుంది, నల్ల మచ్చ పడుతుంది. పోయినసారి మీరు క్లియర్ మార్చినప్పుడు నా మ్యాప్‌లో రొయ్యల చెరువులన్నీ నల్లబడ్డాయి. నీళ్ళు పాడయ్యాయా అని రైతు అడిగాడు.

గౌతమి_గట్టు: రంగు సంగతి తర్వాత బాబాయ్. ఎండాకాలం నుంచి నా ప్యాచ్‌ని పట్టించుకున్నవాళ్ళు లేరు. "సరైన పద్ధతి" అంటూనే వానలు వచ్చేశాయి.

రాజోలు_రెండరర్: పోయినసారీ తాత్కాలికం అనే పెట్టారు. తీసిందెవరు? రాత్రిళ్ళు కూర్చుని సరిచేసింది నేను!

గౌతమి_గట్టు: ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు. ఆ రోజు లంకల్లో వాళ్ళు ఈ మ్యాప్ తెరుస్తారు. నీరేదో నేలేదో తప్పు చూపించామా, అంతే. మెల్లగా వచ్చినా పర్లేదు.

రాజోలు_రెండరర్: మెల్లగా అంటే వాళ్ళ 2 జీబీ ఫోన్‌లో అసలు రాకపోవడం. ఖాళీ తెర చూసుకుని పడవ ఎక్కమంటారా?

గౌతమి_గట్టు: తప్పు మ్యాప్ చూసి ఎక్కేకంటే నయం.

రాజోలు_రెండరర్: అక్కడే మీకూ నాకూ పడనిది. క్లియర్ గురించి కాదన్నమాట ఇంతసేపూ.

పాలకొల్లు_బాబాయ్: మరి నలుపా, పారదర్శకమా?

రాజోలు_రెండరర్: ఈటీసీ2కి బఫర్ కాపీ మీరు రాస్తే, అన్ని మిప్‌ల మార్పు కలుపుతా. ఏ మిప్‌లో రాశామో చూసే ట్రాకింగ్ వచ్చాక దాన్ని తీసేస్తా.

గౌతమి_గట్టు: రాస్తా. ట్రాకింగ్ ఎప్పుడు?

రాజోలు_రెండరర్: తేదీ అడక్కండి.