కిడ్నీ మార్పిడి అయినవాళ్లు టీకా తర్వాత యాంటీబాడీ టెస్టు చేయించుకోవాలా, వద్దా?

శ్రీవల్లి:

మా ఆయనకు కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, కొద్దిగా ప్రెడ్నిసోలోన్ వాడుతున్నారు. డయాలసిస్‌లో ఉన్న రోజుల్లో హెపటైటిస్ బి టీకా డబుల్ డోసు వేసి, ఏటా రక్తం తీసి యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసేవాళ్లు. 10 కంటే తగ్గితే మళ్లీ బూస్టర్. ఆ పది అనే అంకె మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చేసింది.

ఇప్పుడు కోవిడ్ బూస్టర్ వేయించాం. దీనికి కూడా అలాగే టెస్టు రాయమంటే మా నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) "అవసరం లేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా మరిదేమో డాక్టరు చీటీ లేకుండానే చేయించుకోవచ్చు వదినా, ఎందుకు టెన్షన్ అంటాడు. ఒక టీకాకు ఏటా కొలవాలట, ఇంకో టీకాకు కొలవడమే దండగట. రెండూ యాంటీబాడీలే కదా. ఎవరి మాట వినాలి?

మైక్రోపిపెట్:

మీ మరిది మాట వినండి. నేను సెరాలజీ ల్యాబులో, అంటే రక్తంలో యాంటీబాడీలు చూసే చోట పనిచేస్తాను, అందుకే చెప్తున్నాను.

2021లో అమెరికాలో అవయవ మార్పిడి అయినవాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఎంఆర్ఎన్ఏ టీకా మొదటి డోసు తర్వాత 436 మందిలో 17 శాతానికే యాంటీబాడీలు కనిపించాయి. రెండో డోసు తర్వాత 658 మందిలో 54 శాతానికి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు డోసుల తర్వాత యాంటీబాడీలు రానివాళ్లు అరుదు. మార్పిడి అయినవాళ్లలోనూ మైకోఫెనోలేట్ లాంటి మందు వాడేవాళ్లలో ఆ శాతం ఇంకా తక్కువే. సుమారు సగం మందికి ఏమీ పుట్టలేదని తెలిశాక, మీ ఆయన ఏ సగంలో ఉన్నారో తెలుసుకోవద్దనడం ఏం న్యాయం?

పాత వార్డు డాక్టరు:

శ్రీవల్లి గారూ, మీ డాక్టరు ఒక్క ముక్కలో చెప్పింది నేను కాస్త విడమరిచి చెప్తాను.

హెపటైటిస్ బి టీకా వేసుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ, యాంటీబాడీలు 10 యూనిట్లు దాటినవాళ్లకు జబ్బు దాదాపు రావడం లేదని చూసి గీసిన గీత అది. ఊరికే వచ్చిన అంకె కాదు. పైగా ఆరోగ్యవంతుల్లో ఆ తర్వాత అంకె 10 కిందకు పడిపోయినా మేం పట్టించుకోం. ఈ వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బుగా బయటపడటానికి నెలన్నర నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆలోగా టీకాను గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాలు మేల్కొని కొత్త యాంటీబాడీలు తయారుచేసుకుంటాయి. డయాలసిస్ పేషెంట్లలో ఆ జ్ఞాపకం మీద భరోసా పెట్టుకోలేం, అందుకే వాళ్లకు ఏటా టెస్టు, తగ్గితే బూస్టర్. అంటే అదే టీకాలో కూడా టెస్టు అందరికీ కాదు.

కోవిడ్‌కు అలాంటి గీత లేదు. కొన్ని రోజుల్లోనే జబ్బు బయటపడుతుంది, వైరస్ రూపం మారిపోతుంటుంది. చాలా కిట్లు కొలిచేది మొదటి రకం వైరస్ స్పైక్‌కు (పైనుండే ముల్లులాంటి ప్రొటీన్‌కు) అంటుకునే యాంటీబాడీలనే. ఒక కంపెనీ కిట్టులో వచ్చిన 500, ఇంకో కంపెనీ కిట్టులో వచ్చిన 500 ఒకటి కావు. ఉమ్మడి యూనిట్లు వచ్చాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. టీకా తర్వాత రక్షణ ఎంతుందో తెలుసుకోవడానికి ఈ టెస్టులు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 మే నెలలోనే చెప్పింది.

అనుమానాల రావు:

నాదొక చిన్న డౌటు. సున్నా వస్తే ఏం చేస్తారు? రెండు వేలు వస్తే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు "మాస్కు పెట్టుకోండి" అయితే సూది పోటు ఎందుకు?

మైక్రోపిపెట్:

రావు గారూ, సున్నా వస్తే చేయడానికి ఉంది. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో 101 మంది మార్పిడి పేషెంట్లకు మూడో డోసు వేశారు. అప్పటికి యాంటీబాడీలు లేనివాళ్లు 59 మంది. మూడో డోసు తర్వాత వాళ్లలో 26 మందికి వచ్చాయి. ఆ 26 మంది సంగతేంటి?

గీత లేదు, గీత లేదు అంటున్నారు డాక్టరు గారు. 800కీ 1,200కీ తేడా నేనూ చెప్పలేను. కానీ ఉండటానికీ అసలు లేకపోవడానికీ తేడా ఉంది. బ్రిటన్‌లో మెలొడీ అనే అధ్యయనంలో అవయవ మార్పిడి అయినవాళ్లు, రక్త కేన్సర్ ఉన్నవాళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బులకు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసేవాటికి) మందులు వాడేవాళ్లు 20 వేల మందికి పైగా ఇంట్లోనే వేలి చుక్కతో టెస్టు చేసుకున్నారు. యాంటీబాడీలు కనిపించనివాళ్లకు ఇన్ఫెక్షన్లూ, ఆసుపత్రిలో చేరడాలూ ఎక్కువని తేలింది. ఇది 2025లో అచ్చయింది. 2021 మే నాటి మాటే ఇంకా పట్టుకుని కూర్చుంటే ఎలా?

పాత వార్డు డాక్టరు:

మెలొడీ మంచి అధ్యయనమే. యాంటీబాడీలు లేనివాళ్లకు ముప్పు ఎక్కువని చెప్పింది. దాన్నిబట్టి ఒక పేషెంటుకు "మీకు వచ్చాయి, ఇక ఫంక్షన్లకు వెళ్లండి" అనగలమా? వచ్చినవాళ్లలోనూ కొందరు ఆసుపత్రిలో చేరారు. నా భయం సున్నా గురించి కాదు, రెండు వేల గురించి. ఆ కాగితం చూసుకుని మాస్కు తీసేసినవాళ్లు నాకు తెలుసు.

ఇక మూడో డోసు అంటారా, 2021 ఆగస్టులో మార్పిడి పేషెంట్లకు దాన్ని అనుమతించినప్పుడు టెస్టు చేయకుండానే అందరికీ వేయమన్నారు. మీ 26 మందికీ టెస్టు లేకుండానే అందేది.

ట్రయల్ రమ:

మీ ఇద్దరి వాదన క్లినికల్ ట్రయల్స్ నడిపేవాళ్లకు పాత తలనొప్పి. నేను కోఆర్డినేటర్‌ని. టీకా ట్రయల్‌లో నాలుగో వారం విజిట్‌కు వచ్చి చెయ్యి చాపుతూనే పేషెంట్లు అడిగేది "నా నంబర్ ఎంతొచ్చింది?" అని. ట్యూబు మీద పేరుండదు, కోడ్ ఉంటుంది. గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన పసుపు సీరాన్ని చిన్న వయల్స్‌లోకి పంచి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. అందరి నమూనాలూ చేరాక ఒకే కిట్టుతో ఒకేసారి చూస్తారు. మాకూ తెలియదండీ అంటే సగం మంది నమ్మరు, దాస్తున్నామనుకుంటారు. నిజానికి ఆ నంబరు ఆ మనిషి కోసం కాదు, రెండు గుంపుల్ని పోల్చడం కోసం.

టొరంటోలో 120 మంది మార్పిడి పేషెంట్లకు మూడో డోసు టీకా ఇచ్చారో, ఉప్పునీరు ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ట్రయల్ చేశారు. అనుకున్న స్థాయి యాంటీబాడీలు టీకా గుంపులో 55 శాతానికి, ఉప్పునీటి గుంపులో 18 శాతానికి వచ్చాయి. బ్రహ్మాండమైన ఫలితం. కానీ 120 మందిలో ఎవరికి జబ్బు తగ్గిందో ఆ ట్రయల్ చెప్పలేదు, అది అడిగిన ప్రశ్నే అది కాదు.

అంకె పెరిగితే జబ్బు తగ్గాలని రూలేం లేదు. గుండెపోటు గానీ హార్ట్ ఫెయిల్యూర్ గానీ వచ్చి ఆసుపత్రిలో చేరి బయటపడ్డ 5,260 మందితో ఇన్వెస్టెడ్ అనే ఫ్లూ టీకా ట్రయల్ జరిగింది. హై డోసు టీకాతో యాంటీబాడీలు బాగానే పెరిగాయి. మరణాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో ఆసుపత్రి పాలవడం మాత్రం మామూలు డోసు గుంపుకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డెంగీ టీకా డెంగ్‌వాక్సియా కథ ఇంకా ఘోరం. యాంటీబాడీలు వచ్చాయి. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షలకు పైగా పిల్లలకు వేశారు. అంతకు ముందు డెంగీ ఎప్పుడూ రాని పిల్లల్లో, టీకా తర్వాత డెంగీ సోకితే జబ్బు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతోందని 2017 చివర్లో బయటపడి ఆపేశారు.

మైక్రోపిపెట్:

రమ గారూ, డెంగీని ఇక్కడికి ఎందుకు లాగారు? అది వేరే వైరస్, వేరే గొడవ. పైగా ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందేమిటి? రక్తపరీక్షలో పాత డెంగీ ఆనవాళ్లు ఉన్నవాళ్లకే ఆ టీకా వేయమని. అంటే టెస్టే కాపాడింది!

ఇన్వెస్టెడ్ చెప్పారు, బాగుంది. అదే హై డోసు టీకాను 65 ఏళ్లు దాటిన సుమారు 32 వేల మందిలో చూస్తే ఫ్లూ రావడం మామూలు టీకా కంటే 24 శాతం తగ్గింది. ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

అసలు చిక్కు ఇది. మార్పిడి పేషెంట్లలో ఆసుపత్రి పాలవడం తగ్గిందని చూపాలంటే వేల మంది కావాలి, ఏళ్లు కావాలి. అంతమంది ఎక్కడ దొరుకుతారు? ముప్పు ఇంత ఉన్నవాళ్లకు ఉప్పునీరు ఇచ్చి ఎవరికి జబ్బొస్తుందో చూద్దామంటే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది? యాంటీబాడీ అంకె వద్దంటే వీళ్ల మీద పరిశోధనే వద్దన్నట్టు.

ట్రయల్ రమ:

కష్టమే గానీ అసాధ్యం కాదు. సొంత మూలకణాల మార్పిడి అయిన 1,846 మందితో హెర్పిస్ జోస్టర్ (మన 'సర్పి') టీకా ట్రయల్ చేశారు. అక్కడ లెక్కపెట్టింది అసలు సర్పి ఎంతమందికి వచ్చిందనే. 68 శాతం రక్షణ అని 2019లో తేలింది. ఒకసారి అలా తేలాక కిడ్నీ పేషెంట్లలో యాంటీబాడీలు చూసి సరిపెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. ముందు ఎక్కడో ఒకచోట జబ్బును లెక్కపెట్టాలి.

కీళ్లవాతం క్లబ్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కిడ్నీ కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం. రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ వాడతాను. టీకా వేసుకున్నాక రెండు వారాలు ఆపితే యాంటీబాడీలు రెట్టింపవుతాయని ఎక్కడో చదివి మా డాక్టరుని అడిగి ఆపాను. రెండో వారానికి వేళ్ల కణుపులు బూరెల్లా పొంగాయి. నీళ్ల సీసా మూత కూడా మా అమ్మాయే తీసిచ్చేది. రెట్టింపు యాంటీబాడీలు నాకేం చేశాయో తెలియదు గానీ నొప్పి మాత్రం బాగా తెలిసింది.

పాత వార్డు డాక్టరు:

అమ్మా, మీరు చదివింది బ్రిటన్‌లో 254 మందితో చేసిన వ్రూమ్ ట్రయల్ అయి ఉంటుంది. అందులో రెట్టింపు కంటే ఎక్కువే పెరిగాయి, జబ్బు తిరగబెట్టడమూ ఆపినవాళ్లలో ఎక్కువే. కొరియాలో ఫ్లూ టీకాతో చేసినదానిలో కూడా ఆపినవాళ్లలో 75 శాతానికి, ఆపనివాళ్లలో 54 శాతానికి సరిపడా స్పందన వచ్చింది. అమెరికా రుమటాలజీ కాలేజీ 2022 మార్గదర్శకాల్లో ఫ్లూ టీకాకు మాత్రమే, అదీ జబ్బు అదుపులో ఉంటేనే రెండు వారాలు ఆపమంది. మిగతా జీవం లేని టీకాలకు మెథోట్రెక్సేట్ ఆపక్కర్లేదంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు ఎవరైనా ఇది చదివి టాక్రోలిమస్ ఆపేస్తారేమో, ఆపితే కిడ్నీయే పోతుంది.

ఇంకో రెండు సంగతులు, టెస్టు చేయించుకోవాలనుకునేవాళ్ల కోసం. రిటుక్సిమాబ్ అనే మందు తీసుకున్నవాళ్లలో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు కొన్ని నెలల పాటు దాదాపు ఉండవు కాబట్టి చాలామందికి సున్నా వస్తుంది, కానీ రోగనిరోధక శక్తిలో ఇంకో భాగమైన టి కణాలు చాలామందిలో టీకాకు బాగానే స్పందిస్తాయి. మామూలు ల్యాబు టెస్టులో అది కనిపించదు. దీనికి తిరగేసి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) నరంలోకి ఎక్కించుకునేవాళ్లకు ఎంతో మంది దాతల యాంటీబాడీలు ఒంట్లోకి వస్తాయి. రిపోర్టులో ఘనంగా కనిపిస్తుంది, అది వాళ్ల సొంతం కాదు.

శ్రీవల్లి:

అందరికీ థ్యాంక్స్. రావు గారి ప్రశ్నే నేను మా డాక్టరు గారిని అడిగాను, "సున్నా వస్తే మీరు ఏం మారుస్తారు?" అని. హెపటైటిస్ బికి అయితే బూస్టర్ వేస్తానన్నారు. కోవిడ్‌కు అయితే ఏమీ మార్చను, సున్నా అనుకునే జాగ్రత్తలు చెప్తున్నాను అన్నారు. ఇంట్లో మిగతావాళ్లందరం ఫ్లూ, కోవిడ్ టీకాలు వేయించుకోవాలన్నారు. జ్వరం వస్తే మొదటి రోజే ఫోన్ చేయమన్నారు. కాబట్టి టెస్టు చేయించడం లేదు. మా మరిదికి కోపం వచ్చింది. ఆ ఫోన్ ఎందుకంత అర్జంటో మాత్రం నాకు అర్థం కాలేదు.

పాత వార్డు డాక్టరు:

కోవిడ్ మాత్ర ప్యాక్స్‌లోవిడ్ లక్షణాలు మొదలైన అయిదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. కానీ అందులో ఉండే రిటోనవిర్ టాక్రోలిమస్‌ను ఒంట్లోంచి పోనివ్వదు. రక్తంలో దాని మోతాదు విపరీతంగా పెరిగి కిడ్నీని దెబ్బతీయొచ్చు. ఆ మాత్ర ఇవ్వాలా, వేరే మందు చూడాలా, ఇస్తే టాక్రోలిమస్ ఎన్ని రోజులు ఆపాలి, మళ్లీ ఎప్పుడు లెవెల్ చూడాలి, ఇవన్నీ మీ నెఫ్రాలజిస్టే తేల్చాలి. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి.

మైక్రోపిపెట్:

ఇది మాత్రం ఒప్పుకుంటాను, టాక్రోలిమస్ లెవెల్ టెస్టు దేనికీ మానొద్దు. కోవిడ్ యాంటీబాడీ మాటకొస్తే నేను ఇంకా చేయించమనే అంటాను. 2024 మార్చిలో పెమివిబార్ట్ అనే ముందుజాగ్రత్త యాంటీబాడీ మందుకు అమెరికాలో అత్యవసర అనుమతి ఇచ్చారు. అది దొరికే చోట ముందు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి సున్నా వచ్చినవాళ్ల లిస్టు పనికిరాదా?

అనుమానాల రావు:

అంతకు ముందు ఎవుషెల్డ్ అని అలాంటి మందే ఒకటి వచ్చింది కదా, 2023 జనవరికల్లా కొత్త వేరియంట్ల మీద పనిచేయదని వెనక్కి తీసుకున్నారు. లిస్టు తయారయ్యేసరికి మందు ఉంటుందంటారా?