అన్నపూర్ణ సర్క్యూట్: థొరంగ్ లా దాటి ముక్తినాథ్‌కు నడిచినవాళ్లు ఉన్నారా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడవాలని ఉంది. బేసీసహర్‌లో మొదలుపెట్టి, మనాంగ్ మీదుగా థొరంగ్ లా కనుమ (5,416 మీటర్లు) దాటి ముక్తినాథ్‌లో దిగాలి. అదే సమయానికి అమ్మా నాన్నా పోఖరా నుంచి జీపులో ముక్తినాథ్ వస్తామంటున్నారు. 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అదే కాబట్టి అమ్మకు ఎన్నాళ్లనుంచో కోరిక. రోడ్డు పడ్డాక ఇంకా నడవదగ్గ దారి మిగిలిందా? ఆ ఊళ్లలో మనుషులతో కాస్త కలిసే వీలుంటుందా, లేక లాడ్జి నుంచి లాడ్జికి పోవడమేనా? పెద్దవాళ్ల ప్రయాణం ఎలా పెట్టుకోవాలి? వెళ్లొచ్చినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

మన్యంబాట:
దారి ఉందండి, కాకపోతే వెతుక్కోవాలి. జీపు రోడ్డు మర్స్యాంగ్దీ నది లోయ వెంట మనాంగ్ దాకా పోయింది. దాని మీదే నడిస్తే దుమ్ము తినడమే. రాళ్ల మీదా చెట్ల మీదా ఎరుపు తెలుపు గీతలు వేసిన కాలిబాట చాలాచోట్ల నదికి అవతలి ఒడ్డున సాగుతుంది. పక్కదారులకు నీలం తెలుపు గీతలు ఉంటాయి.

చామే దాకా జీపులో వెళ్లినా నష్టం లేదు. పిసాంగ్ దగ్గర మాత్రం కింది రోడ్డు వదిలేసి అప్పర్ పిసాంగ్, ఘ్యారు, న్గావల్ మీదుగా పై దారి పట్టండి. ఘ్యారు ఎక్కేసరికి కాళ్లు పీక్కుపోతాయి, కానీ ఎదురుగా అన్నపూర్ణ 2 నిలబడి ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఘ్యారు, న్గావల్ రెండూ మనాంగ్ కంటే కొంచెం ఎత్తులో ఉన్నాయి. అక్కడ ఒక రాత్రి పడుకుని మనాంగ్ (సుమారు 3,540 మీటర్లు) దిగితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది.

పాలపిట్ట:
చామే దాకా జీపు అన్న మాట నేను ఒప్పుకోను అన్నా. మనుషుల గురించి అడిగారు కదా, అసలు తేడా తెలిసేది కింది భాగం నడిచినప్పుడే. బేసీసహర్ 760 మీటర్లే. బాహున్‌డాండాలో బ్రాహ్మణ, ఛెత్రి కుటుంబాలు, వరి మడులు, తులసి కోటలు. ఆ చుట్టుపక్కలే గురుంగుల ఊళ్లు మొదలవుతాయి, వాళ్లు తమ జాతిని ‘తము’ అని చెప్పుకుంటారు. బ్రిటిష్, ఇండియన్ గూర్ఖా దళాల్లో పనిచేసి పింఛనుతో ఇంటికొచ్చిన తాతలు అక్కడ కనిపిస్తారు. మా హిందీ విని ఒకాయన తను పంజాబ్‌లో పనిచేసిన రోజులు చెప్పుకుంటూ కూర్చున్నాడు.

పైకి పోతున్నకొద్దీ ఇళ్లే మారిపోతాయి. కింద వానలు ఎక్కువ కాబట్టి వాలు కప్పులు. పిసాంగ్ దాటితే వాన మబ్బుల్ని అన్నపూర్ణ శ్రేణి ఆపేస్తుంది కాబట్టి మట్టితో చదును చేసిన మిద్దెలు, వాటి అంచుల్లో పేర్చిన కట్టెలు, పైన మంత్రాల జెండాలు. వరి పోయి బార్లీ, బక్‌వీట్ వస్తాయి. నమస్తే పోయి టిబెటన్ పలకరింపు తాషీ దెలే వస్తుంది. నడుస్తూ పోతే ఈ మార్పు ఊరూరికీ కొంచెం కొంచెంగా తెలుస్తుంది. జీపులో ఒక్క పూటలో దాటేస్తే ఏమీ తెలియదు.

మన్యంబాట:
మీ మాట నిజమే. సెలవులు ఉన్నవాళ్లు కింది నుంచే నడవాలి. నాకు అన్ని సెలవులు దొరకలేదు.

ఉప్పుగాలి:
మాది విశాఖ. అక్టోబరు అన్నారు కాబట్టి ఒక విషయం తప్పకుండా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడింది. మేం చెట్లు, కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటున్న సమయానికి ఆ తుపాను మిగులు ఉత్తరానికి సాగిపోయింది. 14న థొరంగ్ లా మీద మంచు తుపానై కురిసింది. అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో కనీసం 43 మంది చనిపోయారు. వాళ్లలో ట్రెక్కర్లే కాదు, గైడ్లు, పోర్టర్లు, జడల బర్రెల కాపరులు కూడా ఉన్నారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ, దారి కనబడక మంచులో చిక్కుకుపోయినవాళ్లే ఎక్కువ.

అక్టోబరు అక్కడ అందరూ మెచ్చే నెల, ఆకాశం తేటగా ఉంటుంది. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే నెల కూడా అదే. మనాంగ్‌లో ఉన్నప్పుడు నేపాల్ వాతావరణ సూచనతో పాటు మన వాతావరణ శాఖ బులెటిన్ కూడా చూడండి. సముద్రంలో వాయుగుండం ఉందంటే, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా కనుమ ఎక్కకండి. రెండు మూడు రోజులు ఆగే వెసులుబాటు తిరుగు టికెట్‌లోనే పెట్టుకోండి. టికెట్ టెన్షన్ ఉంటే మనిషి ఆగడు.

పాలపిట్ట:
ఈ సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలండి. మనాంగ్‌లో ఆగినప్పుడు హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల సహాయ కేంద్రానికి వెళ్లండి. 1973లో మొదలైన సంస్థ అది. సీజన్‌లో మధ్యాహ్నం మూడింటికి డాక్టర్లు ఎత్తు జబ్బు గురించి చెబుతారు. మేం వెళ్లిన రోజు గైడ్లు కూడా మాతోపాటే కూర్చుని విన్నారు.

మనాంగీల గురించి కూడా రాయాలి. ఆ చలి లోయలో పంట అంతంతమాత్రం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నేపాల్ రాజు వాళ్లకు వ్యాపారంలో ప్రత్యేక హక్కులిచ్చాడు. తర్వాతి తరాలు బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్ దాకా సరుకు తీసుకుని తిరిగాయి. మేం దిగిన లాడ్జి నడిపే ఆంటీ పొయ్యి పక్కన కూర్చుని థాయ్ మాటలు పలికి వినిపించింది, వాళ్ల నాన్న నేర్పాడట. చలికాలంలో చాలా ఇళ్లకు తాళాలే, అందరూ కాఠ్మాండూ దిగిపోతారు. పక్కనే ఉన్న బ్రాగా ఊళ్లో శతాబ్దాల నాటి గోంపా (బౌద్ధ మఠం) ఉంది, తప్పక చూడండి. మంత్రాలు చెక్కిన రాళ్లతో పేర్చిన మణి గోడలు వస్తే వాటిని మీ కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి.

స్టెతస్కోప్:
నేను డాక్టర్ని. మీకంటే మీ అమ్మానాన్నల గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది. మీరు రోజుకు కొంచెం చొప్పున ఎక్కుతారు. వాళ్లు సుమారు 820 మీటర్ల పోఖరాలో బయల్దేరి ఒక్క రోజులో 3,700 మీటర్ల ముక్తినాథ్‌కు చేరుతారు. జీపు యాత్రికులకు ఎత్తు జబ్బు రావడానికి కారణం ఈ తొందరే. మొదటి రాత్రి తాతోపానీలో (సుమారు 1,200 మీటర్లు) ఆగితే చాలా మేలు. తర్వాత మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేనీల్లో ఎక్కడైనా ఒకటి రెండు రాత్రులు. అవన్నీ 2,700, 2,800 మీటర్ల ప్రాంతంలో ఉన్నాయి. ముక్తినాథ్‌కు పొద్దున వెళ్లి, దర్శనం చేసుకుని, కిందికొచ్చి పడుకోవాలి. పైన రాత్రి బస వద్దు.

తలనొప్పి, వాంతి, తిండి సయించకపోవడం ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి వాళ్ల బీపీ, షుగర్ మందులు చూసి మీ డాక్టర్ చెప్పాలి. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ మాట ముందే చెప్పండి.

మీకు కూడా ఒక లెక్క: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచకండి.

తులసిమాల:
నేను మా వారితో వెళ్లొచ్చాను బాబూ. డాక్టరు గారు చెప్పినట్టే మేం కాగ్‌బేనీలో ఆగాం. కాళీగండకి నదిలో ఇంకో ఏరు కలిసే చోటు అది. పితృదేవతలకు పిండప్రదానం చేయడానికి నేపాల్ నుంచీ మన దేశం నుంచీ వస్తారు. మా వారు అక్కడే మామగారికి పెట్టారు.

ముక్తినాథ్‌లో జీపులు ఆగే చోటు నుంచి గుడికి నడక, మెట్లు ఉంటాయి. మెల్లగా ఎక్కమనండి, గుర్రాలు కూడా దొరుకుతాయి. గుడి వెనక 108 ధారలు. నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. వయసు మీదపడినవాళ్లు తల మీద చల్లుకుంటే చాలు, నిండా తడవక్కర్లేదు. తిరుమంగై ఆళ్వారు సాలగ్రామం మీద పాడిన పాశురాలు నాకు నోటికి వచ్చు, అక్కడ నిలబడి చదువుకున్నాను. నా పక్కనే ఒక బౌద్ధ సన్యాసిని జపమాల తిప్పుతూ ఉంది. మనం విష్ణువుగా కొలిచే మూర్తిని వాళ్లు అవలోకితేశ్వరుడనే బోధిసత్త్వుడిగా కొలుస్తారు. గుడి పనుల్లో ఆ సన్యాసినులకూ భాగం ఉంది. కాస్త కిందుగా జ్వాలామాయి గుడిలో భూమిలోంచి వచ్చే సహజవాయువుతో చిన్న నీలిమంట వెలుగుతుంటుంది, దాన్నీ వాళ్లే చూసుకుంటారు. ఎవరి దేవుడు ఎవరన్న పట్టింపు నాకు అక్కడ ఎవరి ముఖంలోనూ కనబడలేదు. ఆ ఒక్కటి చూడటానికైనా మీ అమ్మగారిని తీసుకెళ్లండి.

గోంగూరప్రియ:
తిండి గురించి ఎవరూ రాయలేదు! ముక్తినాథ్ నుంచి కిందికి దిగితే థకాలీల ప్రాంతం. టిబెట్ ఉప్పు వ్యాపారంతో తుకుచే ఊళ్లో మేడలు కట్టినవాళ్లు, వంటకు వాళ్లను మించినవాళ్లు అక్కడ లేరు. థకాలీ పప్పుకు జింబూ అనే కొండ ఆకును ఎండబెట్టి నెయ్యిలో తాలింపు వేస్తారు, ఉల్లీ వెల్లుల్లీ కలిసినట్టు ఘాటుగా వాసన వస్తుంది. అన్నం, పప్పు, కూర, పచ్చడి మారు వడ్డిస్తారు. శాకాహారులకు ఏ ఇబ్బందీ లేదు. మార్ఫా ఆపిల్స్ అక్టోబరులో బాగుంటాయి.

మనాంగ్ వైపు మాత్రం మాంసం వద్దు, ఎన్ని రోజుల కిందట పైకి మోసుకొచ్చారో తెలియదు.

పాలపిట్ట:
రోడ్డు గురించి చివరగా ఒక మాట. ట్రెక్కర్లం రోడ్డును తిట్టుకుంటాం. చామేలో ఒక టీచర్ నాతో అన్నది: కాన్పు కష్టమైతే ఇదివరకు డోలీలో మోసుకెళ్లేవాళ్లం, ఇప్పుడు జీపు ఉంది. అప్పటినుంచి నేను రోడ్డు వద్దని అనడం మానేశాను.

కృష్ణాతీరం:
అందరికీ చాలా కృతజ్ఞతలు. కింది నుంచే నడుస్తాను, కనుమ ముందు ఆగడానికి రోజులు ఉంచుకుంటాను. అమ్మా నాన్నా తాతోపానీ, ఆ తర్వాత కాగ్‌బేనీ. నేను దిగాక కాగ్‌బేనీలోనే కలుస్తాం, ఎవరికీ తొందర ఉండదు. గైడ్ తప్పనిసరా?

మన్యంబాట:
2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడ్ ఉండాలన్న నిబంధన ఉంది. నిబంధన లేకపోయినా తీసుకోమనే చెబుతాను. ఆ లోయ మనిషైతే మరీ మంచిది, పొయ్యి దగ్గర మాటలు కలిపేది అతనే. పర్మిట్ రుసుము మన దేశంతో సహా సార్క్ దేశాలవాళ్లకు తక్కువ, పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ దగ్గర పెట్టుకోండి. విమానానికి ఆధార్ సాధారణంగా సరిపోదు. నగదు కాఠ్మాండూలోనే మార్చుకోండి.

తులసిమాల:
బాబూ, ఇంకొక్కటి. కాళీగండకి లోయలో పదకొండు దాటితే గాలి విపరీతం, ఇసుక కళ్లలో కొడుతుంది. కాగ్‌బేనీ నుంచి ముక్తినాథ్‌కు పొద్దున్నే బయల్దేరమను. అమ్మగారికి చెవులు మూసే ఉన్ని టోపీ, ముఖానికి కట్టుకోవడానికి పల్చటి నూలు గుడ్డ సర్దిపెట్టు.