డీల్ ఆర్ నో డీల్: బ్యాంకర్ ఆఫర్‌ను ఏ లెక్కన కడతారు?

ప్రశ్న అడిగినవారు: మూడోపెట్టె

అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ 2005 డిసెంబరులో మొదలుపెట్టిన ‘డీల్ ఆర్ నో డీల్’ పాత ఎపిసోడ్లను ఈ మధ్య వరుసగా చూస్తున్నాను. ఆట నియమాలు కష్టమైనవేమీ కావు. 26 పెట్టెల్లో ఒక సెంటు మొదలుకొని పది లక్షల డాలర్ల వరకు 26 వేర్వేరు మొత్తాలు ఉంటాయి. ఆటగాడు లోపల ఏముందో తెలియకుండానే ఒక పెట్టెను తనదిగా పక్కన పెట్టుకొని, మిగిలినవాటిని మొదట ఆరు, తర్వాత అయిదు, నాలుగు, మూడు, రెండు, ఆపైన ఒక్కొక్కటిగా తెరిపిస్తాడు. ప్రతి విడత ముగియగానే పైనున్న చీకటి గదిలోంచి బ్యాంకర్ ఫోన్ చేసి, ఆ పెట్టెను తనకు వదిలేస్తే ఎంత ఇస్తాడో చెబుతాడు.

నా సందేహాలు రెండు. మొదటి విడత తర్వాత బోర్డు మీద పెద్ద మొత్తాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ ఆఫర్ మాత్రం వెక్కిరించినట్టు తక్కువగా ఎందుకు వస్తుంది? రెండోది, చివర రెండే పెట్టెలు మిగిలినప్పుడు ఆటగాడికి తన పెట్టెను మార్చుకొనే అవకాశం ఇస్తారు కదా, అప్పుడు మార్చుకోవడమే లాభమని, మూడు తలుపుల లెక్క (మూడింటిలో ఒకదాని వెనుక కారు ఉంటుంది, మనం ఒక తలుపు ఎంచాక వ్యాఖ్యాత కారు లేని మరో తలుపు తెరిచి, మార్చుకుంటారా అని అడుగుతాడు) అదే చెబుతుందని నా మిత్రుడొకరు గట్టిగా వాదిస్తున్నారు. అది నిజమేనా?

జవాబు: లెక్కలమనిషి

ముందు సగటు సంగతి చూద్దాం. ఆ 26 మొత్తాలనూ కూడితే 34,18,416 డాలర్ల ఒక సెంటు వస్తుంది, దానిని 26తో భాగిస్తే సుమారు 1,31,477 డాలర్లు. అంటే ఆట మొదలుకాక ముందు ఆటగాడి చేతిలోని పెట్టె విలువ, లెక్క ప్రకారం, అంత. ఇది వినడానికి బాగానే ఉంటుంది గాని, ఈ సగటును మోస్తున్నవి పైనున్న ఏడెనిమిది మొత్తాలే. 26లో సరిగ్గా సగం, అంటే 13 పెట్టెల్లో ఉన్నవి 750 డాలర్లు, అంతకన్నా తక్కువ.

ఇప్పుడు ఆట చివరికి వచ్చి 75, 400, 25,000, 5,00,000 డాలర్ల పెట్టెలు నాలుగే మిగిలాయనుకోండి. వాటి సగటు సుమారు 1,31,369 డాలర్లు, మొదట్లో ఉన్నదానికి దాదాపు సమానం. అయినా ఈ దశలో వచ్చే ఆఫర్ మొదటి విడత ఆఫర్‌కు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి బ్యాంకర్ ఒక్క సగటును చూసి బేరమాడడం లేదు, ఆట ఏ విడతలో ఉందో దానిని బట్టి ఆ సగటులో ఎంత వంతు ఇవ్వాలన్నది నిర్ణయమవుతోంది. తొలి విడతల్లో అది చాలా చిన్న వంతు, విడతలు గడిచేకొద్దీ పెరుగుతూ చివరికి సగటుకు దగ్గరవుతుంది, ఒక్కోసారి దానిని దాటిపోతుంది కూడా. ఆఫర్ సగటును అందుకొనే వరకు వద్దంటూ పోవడమే ఉత్తమమని కొందరు సలహా ఇస్తుంటారు. అదే ఆటను వందసార్లు ఆడేవారికి ఆ సలహా పనికొస్తుందేమో గాని, అక్కడికి వచ్చినవారు ఆడేది ఒక్కసారే.

జవాబు: పాతటీవీ

లెక్కలమనిషి గారు చెప్పినదానికి నిర్మాతల వైపు నుంచి కొంత చేరుస్తాను. చీకట్లో కనిపించే ఆ ఆకారం ఒక నటుడిది, ఆఫర్లు నిర్ణయించేది కార్యక్రమ నిర్వాహకులు. తొలి ఆఫర్ ఉదారంగా ఇచ్చి, ఆటగాడు దానికి సరేనంటే, ఆరు పెట్టెలకే ఆట అయిపోతుంది. గంటసేపు నడపవలసిన కార్యక్రమంలో ఆ తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే మొదట్లో ఎవరూ ఒప్పుకోని మొత్తమే చెబుతారు. ఆటగాడు కాదంటాడు, సభికులు కేరింతలు కొడతారు, బల్ల మీది బటన్ మీద మూత పడుతుంది, ఆట ముందుకు సాగుతుంది. నా దృష్టిలో తొలి రెండు మూడు ఆఫర్లు నిజమైన బేరాలే కావు. ఆటగాడికి వద్దనడం అలవాటు చేసే పాఠాలు అవి.

పెట్టెల్లో ఏముందో నిర్వాహకులకు ముందే తెలుసేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. 1950లలో అమెరికాలో ‘ట్వంటీ వన్’ అనే క్విజ్‌లో పోటీదారులకు జవాబులు ముందుగానే అందించిన బాగోతం బయటపడి, 1959లో ఆ దేశ చట్టసభ విచారణ జరిపి, 1960లో ఇటువంటి పోటీలలో మోసం చేయడాన్ని నేరంగా పరిగణిస్తూ చట్టాన్ని సవరించింది. అప్పటినుంచి పెద్ద మొత్తాల ఆటల్లో ఛానెల్ వైపు నుంచి నిఘా తప్పనిసరి అయింది. బ్రిటన్‌లో ఛానెల్ 4 ప్రసారం చేసిన రూపంలో 22 పెట్టెలు, గరిష్ఠంగా 2,50,000 పౌండ్లు ఉండేవి, ఏ పెట్టెలో ఏ మొత్తం ఉందో నిర్మాణ బృందంతో సంబంధం లేని పరిశీలకుడు చూసుకొనేవాడు.

అసలు మోసం చేయవలసిన అవసరం కూడా వారికి పెద్దగా లేదు. అమెరికా కార్యక్రమం 2005 చివర మొదలైతే, పది లక్షల డాలర్లు తొలిసారిగా గెలిచింది 2008లో, అదీ పది లక్షల పెట్టెల సంఖ్యను ప్రత్యేకంగా పెంచిన రోజుల్లో.

జవాబు: సంభావ్యత

మార్చుకొనే సంగతి నేను చెబుతాను. మీ మిత్రుడు చెప్పే మూడు తలుపుల లెక్క ఇక్కడ వర్తించదు. ఆ లెక్కలో కారు ఏ తలుపు వెనుక ఉందో వ్యాఖ్యాతకు తెలుసు. తెలిసి, కారు లేని తలుపునే ఎంచి తెరుస్తాడు. అలా ఎంచడంలోనే మనకు అదనపు సమాచారం అందుతుంది కాబట్టి అక్కడ మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులకు పెరుగుతుంది. డీల్ ఆర్ నో డీల్‌లో పెట్టెలను తెరిపించేది ఆటగాడే, అతనికేమో లోపలి సంగతి తెలియదు. పది లక్షల పెట్టె మధ్యలోనే తెరుచుకొని పోయే ప్రమాదం ప్రతిసారీ ఉంటుంది.

పది లక్షలు ఆటగాడి సొంత పెట్టెలో ఉండే అవకాశం 26లో ఒకటి. అది చిట్టచివర మిగిలే ఆ రెండో పెట్టెలో ఉండే అవకాశమూ 26లో ఒకటే. మిగతా 24 వంతుల్లో అది మధ్యలోనే బయటపడిపోయి ఉండేది. చివరిదాకా నిలిచిందంటే ఆ 24 దారులూ మూసుకుపోయినట్టు, మిగిలిన రెండూ సమానం. మార్చుకున్నా, మార్చుకోకున్నా సగం సగమే.

మూడోపెట్టె:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా మిత్రుడికి ఈ 24 దారుల మాట చదివి వినిపించాను, ఆయన ఇంకా ఒప్పుకోలేదు గాని కాగితం తీసుకొని కూర్చున్నారు. ఇంకొక్క మాట అడుగుతాను. చివర్లో ఆఫర్ సగటును దాటినా కాదనేవారు ఉన్నారా? అలా కాదనడానికి లెక్క ప్రకారం ఏ కారణమూ కనిపించడం లేదు.

జవాబు: లెక్కలమనిషి

ఉన్నారు. తర్వాతి కాలంలో, 2017లో, నోబెల్ బహుమతి పొందిన ఆర్థికశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్, నెదర్లాండ్స్‌కు చెందిన మరో ముగ్గురితో కలిసి ఈ ఆటను నెదర్లాండ్స్, జర్మనీ, అమెరికా దేశాల్లో ఆడిన 151 మంది నిర్ణయాలను పరిశీలించి, 2008లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. గరిష్ఠ మొత్తం 50 లక్షల యూరోలుగా ఉండే డచ్ రూపంలో ఆడిన ఒకతని ఆట అందులో విడతలవారీగా ఉంది.

అతనికి అయిదు మొత్తాలు మిగిలాయి: అర యూరో, 10, 20, 10,000, 5,00,000. సగటు లక్షా రెండు వేలు, ఆఫర్ 75,000 యూరోలు. అతను వద్దన్నాడు. తర్వాత తెరిచిన పెట్టెలోనే 5,00,000 పోయింది, సగటు ఒక్కసారిగా రెండున్నర వేలకు పడిపోయి 2,400 ఆఫర్ వచ్చింది. దానినీ కాదన్నాడు. అర యూరో పోయాక 3,500 ఇస్తామన్నారు, ఆ సరికి సగటు 3,343 మాత్రమే. అయినా కాదన్నాడు. చివరకు మిగిలినవి 10, 10,000. ఆఫర్ 6,000, అంటే సగటుకన్నా దాదాపు వెయ్యి యూరోలు ఎక్కువ.

కొద్దిసేపటి క్రితం 75,000ను తోసిపుచ్చిన మనిషికి 6,000 లాభంగా కనిపించదు, 69,000 నష్టంగా కనిపిస్తుంది. పోయినదానిని రాబట్టుకోవాలన్న తపనలో, మామూలుగా తీసుకోని సాహసానికి మనిషి సిద్ధపడతాడని ఆ వ్యాసం చెప్పే మాటల్లో ముఖ్యమైనది. ఆ 6,000కూ అతను వద్దన్నాడు, తన పెట్టెను తెరిచాడు, 10 యూరోలతో ఇంటికి వెళ్లాడు.